అండాలు పేరు కొట్టించిన డబ్బా

ఇబ్రహీంపట్నం,
29 జూన్ 2025

అండాలుకు వదిన రేణుక దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం బాగున్నాం, మీ అన్న మోకాలు తప్ప. ఆ మోకాలు సంగతి నీకు తెలిసిందే. పొలానికి పోవాలంటే నొస్తుంది, పేకముక్కల పత్తాలాటకు పోవాలంటే నొయ్యదు.

మౌనిక పెళ్ళయిన దగ్గరి నుంచి మనం ఫోనులో నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఎవరో ఒకరం కట్ చేస్తున్నాం. ఆఖరికి మీ అన్నకే విసుగొచ్చి, "ఫోన్ల కొట్లాడుడు బంజెయ్యుండ్రి. ఇగ నుంచి ఉత్తరాలు రాసుకోండ్రి. పెన్ను దొరికేసరికే సగం కోపం దిగుతది" అని తీర్పు చెప్పాడు. నీకు మాత్రం పెన్ను తొందరగానే దొరికినట్టుంది. మొదటి ఉత్తరమే నాలుగు పేజీలు రాశావు. అందులో మూడు పేజీలు నా బిడ్డ పెళ్ళిలో నువ్వు కానుకగా పెట్టిన కట్నం మైకులో చదవలేదన్న మాటే. మళ్ళీ చెప్తున్నా, ఆ మైకువాడిని కుదిర్చింది మీ అన్న. అందరి కట్నాలూ చదివాడు, సరిగ్గా నీ స్టీలు డబ్బాల సెట్టు వచ్చే వేళకు అన్నం తినడానికి లేచిపోయాడు. నేనేం చేసేది?

అది పోనీ. నీ ఉత్తరం తెచ్చిన పిల్ల గురించి చెప్పాలి. పాత పోస్టుమాన్ ఇస్తారి రిటైరయ్యాడు. ఆయన గేటు బయట నుంచే విసిరేవాడు, సగం ఉత్తరాలు బర్రె కుడితి తొట్లో పడేవి. ఇప్పుడు సబీనా అనే పిల్ల వస్తోంది, స్కూటీ మీద. మొన్న కుండపోత వాన. చూస్తే ఈమె తన రెయిన్ కోటు తీసి సంచికి తొడిగింది, తాను మాత్రం కోడిపిల్లలా తడిసి ముద్దయింది.

"నువ్వు తడుస్తున్నవ్ గదనే బిడ్డా, సంచికెందుకు తొడిగినవ్?" అన్నాను.

"నేనైతే ఆరుత పెద్దమ్మా. ఉత్తరం ఆరినా అక్షరాలు ఉండయ్ గద" అంది. "చేత్తోని రాసిన ఉత్తరం నా లైన్ల గిదొక్కటే వస్తది. మిగిలినయన్ని బ్యాంకోళ్లయే."

నా మనసు ఎంత కరిగిందో చెప్పలేను. చేతిలో ఏమైనా పెడదామంటే, "పైసల్ తీస్కోవద్దు పెద్దమ్మా, నౌకరి పోతది" అని వెనక్కి జరిగింది. అందుకని ఈ ఏడు పెట్టిన మామిడికాయ తొక్కు ఇచ్చాను. నువ్వు పెట్టిన డబ్బాల్లో నడిమిది చేతికందింది, దాన్నిండా నింపి ఇచ్చాను.

మీ ఆయన జగదీశ్వరన్నను అడిగానని చెప్పు.

వదిన,
రేణుక

*

నిర్మల్,
8 జూలై 2025

వదినకు అండాలు నమస్కారం.

"చేతికందింది" అని రాశావే, ఆ మూత మీద ఏముందో ఒక్కసారైనా చూశావా? "అండాలు, నిర్మల్" అని ఉంటుంది. పేర్లు కొట్టేవాడు మొదట చీమ తలకాయంత రాస్తే, కొట్టు ముందు నిలబడి పోట్లాడి పెద్దక్షరాలతో కొట్టించాను. మైకులో ఎలాగూ చదవలేదు, కనీసం ఇంట్లోనైనా ఉంటుందనుకున్నాను. అది కూడా గేటు దాటించావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ యవ్వారం.

ఆ పిల్లకు పెట్టవద్దని నేననను. వానలో తడిసి ఉత్తరం కాపాడిన పిల్లకు ఎంత పెట్టినా తక్కువే. కాని అటక మీద స్వీటు దుకాణాల ప్లాస్టిక్ డబ్బాలు నువ్వు గుట్టలుగా దాచిపెడతావు కదా, అవెందుకు? ఇక్కడ మా పోస్టుమాన్‌కు నేను ఎండాకాలమంతా మజ్జిగ ఇస్తాను. తాగుతాడు, గ్లాసు అరుగు మీద పెట్టి పోతాడు. ఇచ్చుడంటే అట్లుండాలి, వస్తువు ఇంట్లోనే ఉండాలి.

డబ్బా వెనక్కి తెప్పించు. అన్నను పత్తాలాట తగ్గించమను.

అండాలు

*

ఇబ్రహీంపట్నం,
21 జూలై 2025

అండాలూ,

కోపం తగ్గించుకుని చదువు. నీ డబ్బా వచ్చింది, మళ్ళీ పోయింది.

వచ్చినప్పుడు ఖాళీగా రాలేదు. అంచు దాకా కద్దూ ఖీరు. సొరకాయతో అంత కమ్మటి పాయసం అవుతుందని ఈ వయసులో తెలిసింది. ఇంకొకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మనకే కాదు, సబీనా వాళ్ళమ్మ మదీనా బీకి మనకన్నా ఎక్కువ పట్టింపు. ఖీరు తిని, డబ్బా తోమి బోర్లించాను. "నీ డబ్బా నీ సెట్టులో చేరింది, సంతోషించు" అని ఉత్తరం కూడా మొదలుపెట్టాను. కాని నేనిచ్చింది తొక్కు, అందులో మా చెట్టు కాయలు, మా గానుగ నూనె. వాళ్ళిచ్చింది చిక్కటి పాలు, జీడిపప్పు. మనసొప్పలేదు. బోనాల నాడు సర్వపిండి చేసి అదే డబ్బాలో పంపాను. వేరే డబ్బాలో పంపితే, "మా డబ్బా దాచుకుని వేరేది పంపారు" అనుకోరూ? అది నాటుకోడి గుడ్లతో తిరిగి వచ్చింది. ఈసారి గారెలతో పోయింది.

ఇంతకన్నా పెద్ద కష్టం ఇంకోటుంది. మొన్న అంగట్లో టమాటలు ఏరుతుంటే వెనక నుంచి ఎవరో "అండాలమ్మా! ఓ అండాలమ్మా!" అని కేక. నువ్వే వచ్చావేమోనని గిరుక్కున తిరిగాను. చూస్తే మదీనా బీ. "తొక్కు మస్తుగుండె అండాలమ్మా! మా గల్లీ గల్లంత మీ పేరే చెప్తున్న" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. మూత మీద పేరు చూసి నేనే అండాలుననుకుంది.

నేను రేణుకనని ఎట్లా చెప్పను? చెబితే ఇంకొకరి డబ్బా దానం చేసిందనుకుంటుంది. నోరు మూసుకుని టమాటలు తెచ్చుకున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

రేణుక

*

నిర్మల్,
2 ఆగస్టు 2025

వదినకు అనేక నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. మా ఆయనకు చదివి వినిపిస్తే, "మైకు లేకున్న నీ పేరు పట్నం అంగట్ల మోగుతుందే" అన్నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనకుండా తిన్నాడు.

అయితే ఒక మాట. ఇప్పుడు ఆ డబ్బాలో ఏది పోయినా నా పేరు మీద పోతుంది కనుక జర చూసుకుని పంపాలి. నీ సర్వపిండి గట్టిగా వస్తుంది, ఏమనుకోవద్దు, మా అమ్మ కూడా అనేది. పిండి వేడినీళ్ళతో కలుపు, నువ్వులు ఎక్కువ వెయ్యి, మంట తగ్గించు. గారెల్లోకి అల్లం దంచి వెయ్యి, నరికి వెయ్యకు. తొక్కులో నీకు మెంతిపిండి చెయ్యి జారుతుంది. రేపు ఎవరైనా "అండాలమ్మ తొక్కు చేదు" అంటే నా పరువేం కావాలి?

దసరా లోపల మాత్రం డబ్బా సెట్టులోకి రావాలి. సబీనాకు నా ఆశీస్సులు చెప్పు.

అండాలు

*

ఇబ్రహీంపట్నం,
17 ఆగస్టు 2025

అండాలూ,

నీ వంటపాఠం అందింది. ముప్పై ఏండ్ల నుంచి ఈ ఇంట్లో వండుతున్నాను, నా మెంతిపిండి మీద మీ అమ్మ కూడా ఒక్క మాట అనలేదు. సర్వపిండిని అన్నది, నిజమే.

చెయ్యి నాది, నూనె నాది, పేరు నీదా అని కోపం వచ్చింది. మౌనిక వదిలిపోయిన గోళ్ళరంగు ఉంటే, డబ్బా మూత మీద నీ పేరు కింద "రేణుకమ్మ" అని ఎర్రగా రాసి, బచ్చలికూర పప్పు పెట్టి పంపాను. నీ పేరు చెరపలేదు. నా పేరు కూడా ఉండాలనుకున్నాను, అంతే.

అప్పటి నుంచి సబీనా మన గేటుకు రావడం లేదు. మీ అన్నకు వచ్చిన బ్యాంకు కాగితం కూడా జంగా కిరాణం దుకాణంలో ఇచ్చి పోయింది. స్కూటీ చప్పుడు వినిపిస్తుంది, నేను కొంగు సర్దుకుని గేటు దాకా వస్తాను, అది మలుపు తిరిగి వెళ్ళిపోతుంది. డబ్బా కూడా రాలేదు. ఏం తప్పు చేశానో అర్థం కావడం లేదు. ఆ పిల్ల వచ్చి రెండు నిమిషాలు అరుగు మీద కూర్చుని "ఇగో పెద్దమ్మా, మీ మరదలు కోపం వచ్చింది" అని నీ కవరు అందించేది. కవరు బరువు చూసి నీ కోపం ఎంతో చెప్పేది. ఆమె రాకపోతే ఇల్లు చిన్నబోయింది.

ఇదంతా నీ డబ్బా మహిమ.

రేణుక

*

నిర్మల్,
26 ఆగస్టు 2025

వదినా,

నా పేరు కింద గోళ్ళరంగుతో నీ పేరు రాశావా! ఒక ఇంటి నుంచి వచ్చిన డబ్బా మీద రెండు ఆడపేర్లు చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఆ ఇంటాయనకు ఇద్దరు పెళ్ళాలనుకుంటారు! పెద్దామె అండాలు, చిన్నామె రేణుక. ఛీ, రాయడానికే సిగ్గుగా ఉంది, ఆయన నా తోడబుట్టినవాడు. అందుకే పరువుగల పిల్ల గడప తొక్కడం మానుకుంది.

ముందు పోయి ఆ సంగతి తేల్చు.

అండాలు

*

ఇబ్రహీంపట్నం,
14 సెప్టెంబర్ 2025

అండాలూ,

నీ నోటిలో చక్కెర పోయాలో కారం పోయాలో తెలియడం లేదు. మదీనా బీ నిజంగానే అట్లా అనుకుందట! సబీనాయే చెప్పింది. ఆ మాట విని మీ అన్న రోజంతా మీసం దువ్వుకుంటూ తిరిగాడు. "ఊర్ల నా ఇజ్జత్ పెరిగింది" అంటాడు. రాత్రికి అన్నం ఆలస్యంగా పెట్టాను.

అయితే సబీనా రాకపోవడానికి కారణం అది కాదు. నిన్న పొద్దున గేటు తీసుకుని తానే వచ్చింది. చేతిలో మన డబ్బా, అందులో లడ్డూలు. "నాకు పెండ్లి కుదిరింది పెద్దమ్మా. మా అమ్మీ, ‘ఉత్త డబ్బాతోని ఆ గడప తొక్కద్దు, లడ్డూలు చేసినంక పో' అన్నది. డబ్బా లేకుంట వస్తె మీరు అడుగుతరని నాకు షరం. అందుకే జంగా దుకాణంల ఇచ్చిన" అంది. పెళ్ళికొడుకు సలాహుద్దీన్‌ది అబ్దుల్లాపూర్‌మెట్. ఉద్యోగం మాననని ముందే చెప్పిందట. పెళ్ళి అక్టోబర్ పన్నెండున, మన్నెగూడ ఫంక్షన్ హాల్లో.

"నీకైతే నా పేరు ఎర్కనే గద, మీ అమ్మకు చెప్పలే?" అని అడిగాను.

"కవర్ల మీద చూస్తనే ఉంటగద పెద్దమ్మా. చెప్పిన, ఇనదు. కాయిదం మీద ఎవలైన రాస్తరు, స్టీలు మీద పేరే అసల్ది అంటది."

పెళ్ళి కార్డు మీద "అండాలమ్మ, కొండల్ గార్లకు" అని ఉంది, మీ అన్న పేరుకు ముందు నీ పేరు. చూసుకో నీ పలుకుబడి.

మీ అన్న బాలాపూర్ లడ్డూ వేలానికి పోయి వచ్చాడు. పాట పాడినవాళ్ళ పేర్లు మైకులో చెబుతుంటే ఆఖరి దాకా నిలబడి విన్నాడట. "మౌనిక పెండ్లికి గసొంటి మైకు పెట్టాల్సుండె" అని తనలో తాను అనుకున్నాడు. నేను విన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క డబ్బా అటూ ఇటూ తిరిగి అలిసిపోయింది. అది అక్కడున్నప్పుడు మిగతావి ఇక్కడ. సెట్టును విడగొట్టడం నాకు నచ్చదు. మొత్తం సెట్టు సబీనా పెళ్ళికి పెట్టేద్దామనుకుంటున్నాను. నీ వస్తువు కనుక నీ మాట కావాలి.

రేణుక

*

నిర్మల్,
22 సెప్టెంబర్ 2025

వదినా,

ఇచ్చెయ్. ఇచ్చిన వస్తువు మీద ఇచ్చినవాళ్ళకు హక్కేముంటుంది.

ఒకటి మాత్రం చెప్పాలి. నేను బాధపడింది స్టీలు కోసం కాదు. ఆ రోజు టెంటులో ముందు వరుసలో కూర్చున్నాను. ఒక్కో పేరు చదువుతుంటే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. మా ఆయన "ఇగ మనదే, ఆగు" అంటూనే ఉన్నాడు. చుట్టపు చుట్టాల పేర్లు వచ్చాయి, పాలు పోసేవాని పేరు వచ్చింది. నేను పిల్లకు మేనత్తను. నా పేరు రాలేదు. భోజనాలయ్యాయి, కుర్చీలు ఎత్తారు, మేమిద్దరం ఇంకా అక్కడే కూర్చున్నాం. మౌనికను ఎత్తుకుని తిప్పినదాన్ని, దాని పెళ్ళిలో నేను లేనట్టే అయిపోయింది.

ఇప్పుడు ఆ డబ్బాలు కూడా మీ ఇంట్లో ఉండవు. మంచిదే, గొడవ వదిలింది. ఇక ఉత్తరాలు కూడా రాయను. ఇదే ఆఖరిది.

అండాలు

*

ఇబ్రహీంపట్నం,
13 అక్టోబర్ 2025

అండాలుకు,

నువ్వు రాయనన్నావు. నేను రాయనని అనలేదు కదా, అందుకే ఇది.

నిన్న సబీనా పెళ్ళికి పోయాం. ఎర్రచీరలో ఆ పిల్లను చూస్తే, వానలో సంచికి కోటు తొడిగిన పిల్ల ఈమేనా అనిపించింది. నిఖా అయింది, దువా అయింది, మైకు బల్ల మీద పెట్టారు. ఇంకో ఘడియ ఆగితే అందరూ బిర్యానీ మీద పడతారు. డబ్బాల సెట్టు ఎత్తుకుని నేరుగా సబీనా మేనమామ హాషం దగ్గరికి పోయాను.

"జర మైకియ్యుండ్రి అన్నా" అన్నాను.

దీవిస్తాననుకున్నాడు పాపం. "ఇగో అమ్మా, తీస్కోండ్రి" అని చేతికిచ్చాడు.

మైకు కుయ్యిమంది. అయినా గట్టిగా చదివాను. "నిర్మల్ నుంచి అండాలు! పెళ్ళికూతురు సబీనాకు స్టీలు డబ్బాల సెట్టు, మూతలతో సహా!"

హాలంతా నా వైపే తిరిగి చూసింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో కట్నాలు మైకులో చదవరని నాకేం తెలుసు? వంటల దగ్గరున్నవాళ్ళు వినలేదేమోనని రెండోసారి చదివాను. ఆడవాళ్ళ వైపు స్పీకరు సరిగ్గా లేదని మూడోసారి చదివాను. అప్పుడు మదీనా బీ లేచి, "అండాలమ్మ అంటే మీరే గద? మీ పేరు మీరే సదువుకుంటున్నరేంది?" అంది.

"నేను కాదు మదీనా. అండాలు నా ఆడిబిడ్డ, నిర్మల్‌ల ఉంటది. తొక్కు నాది, డబ్బా ఆమెది. నేను రేణుకను" అని మైకులోనే చెప్పాను. చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయాను. రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా తెలిసిపోయింది. మదీనా బీ వచ్చి నన్ను కావలించుకుని, "ఇన్ని దినాలు నీ చేతివంట తిని ఆమెకు దువా చేసిన. ఇగ ఇద్దరికి చేస్త" అంది.

అంతలో హాషం గొంతు సవరించుకుని, "మరి నేను తెచ్చిన కూలరు గూడ సదువుండ్రి" అన్నాడు. ఆ వెనక పరుపు తెచ్చినాయన, ఆయన వెనక కుక్కరు తెచ్చినామె. లైను కట్టారు! మీ అన్న మోకాలు సంగతి మరిచిపోయి వరుస సరిచేస్తూ నిలబడ్డాడు. బిర్యానీ చల్లారుతోందని వంటవాడు మొత్తుకుంటున్నా ఒక్కరు కదల్లేదు. గొంతు పోయేదాకా అందరివీ చదివాను, ఒక్కరినీ వదల్లేదు. నాది చదవలేదు. నేను వేరుగా పెట్టింది ఒక తొక్కు జాడీయే, దాని పేరు వాళ్ళకు ఎలాగూ తెలుసు.

మేనత్తవు. నీ పేరు ఆ రోజే రావాల్సింది. ఆలస్యంగానైనా, సాగర్ రోడ్డంతా వినబడేట్టు వచ్చింది.

వచ్చేటప్పుడు మదీనా బీ ఊరికే పంపలేదు. ఖుబానీ మీఠా అని ఎండుపండ్లతో చేసిన తీపి పెట్టి ఇచ్చింది. దేంట్లో పెట్టిందో అడగకు. ఆ నడిమి డబ్బా మళ్ళీ మన వంటింట్లో ఉంది.

సబీనాకు పది రోజులు సెలవు. తిరిగి వచ్చాక ఆమె సంచిలో బ్యాంకువాళ్ళ కాగితాలు తప్ప ఏమీ లేకపోతే, మన గేటు దాకా ఎందుకొస్తుంది చెప్పు? ఆ పిల్లకు మనం పెట్టే అసలు కట్నం నీ ఉత్తరమే. ఆలోచించుకో.

నీ వదిన,
రేణుక

*

నిర్మల్,
24 అక్టోబర్ 2025

మా వదినకు అండాలు వేయి నమస్కారాలు.

నీ ఉత్తరం మొదట మనసులో చదువుకున్నాను. తర్వాత పైకి చదివాను. తర్వాత పక్కింటి నర్సమ్మను పిలిచి, "నిర్మల్ నుంచి అండాలు" అన్న చోట మూడుసార్లు చదివాను, నువ్వు చదివినట్టే. ఏడుపు ఆగలేదు. ఆ టెంటులో కూర్చున్న కుర్చీలోంచి ఇవ్వాళ లేచినట్టుంది వదినా.

ఆఖరి ఉత్తరం అని రాసింది కొట్టెయ్. నీ మెంతిపిండి గురించి రాసింది మాత్రం నిజమే, అది ఉంచు. మదీనా బీకి డబ్బా ఖాళీగా పంపకు. సకినాలు చేసి పంపు, రెండు పేర్ల మీదా.

అయితే ఇక్కడ కొత్త కష్టం వచ్చింది. నేను సంబరపడి చదువుతుంటే మా ఆయన ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, "‘నిర్మల్ నుంచి అండాలు' అనేనా? నా పేరేది? డబ్బాలు బస్సుల ఒళ్ళె పెట్టుకొని తెచ్చిందెవలు? నీ పక్క కుర్చీల కూసుందెవలు? జగదీశ్వర్ అన్న ముక్క నోట రాలేదా మీ వదినకు?" అని లేచి పోయాడు. దీపావళి నుంచి నాతో మాటల్లేవు. చాయ్ అడగాలన్నా నర్సమ్మతో చెప్పిస్తున్నాడు.

ఇక లాభం లేదని, "కోపముంటే వదినకు ఉత్తరం రాయి. పెన్ను దొరికేసరికి సగం దిగుతది" అన్నాను. పొద్దటి నుంచి ఇల్లంతా వెతికి పెన్ను సంపాదించాడు. కోపం దిగలేదు. ఇప్పుడే పోయి పెద్ద కవరు కొనుక్కొచ్చి, తలుపు దగ్గరికేసుకుని రాస్తున్నాడు.

సబీనాకు చెప్పు, ఈసారి రెండు వస్తాయి. రెండోది మోయడానికి జర బరువుంటుంది.

నీ ఆడబిడ్డ,
అండాలు